పూత మీద బేరం

నూజివీడు ప్రాంతంలో పుట్టి పెరిగిన వారికి డిసెంబరు, జనవరి నెలలు అనగానే మామిడి పూత గుర్తుకు వస్తుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు... ఏ తోట చూసినా పూతతో నిండి ఉంటుంది. ఆ పూతను చూసి ఈ ఏడు కాపు బాగుంటుందని మురిసిపోని రైతు ఉండడు. అయితే అందులో కాయగా నిలిచేది ఎంత? తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఇటీవలి సంవత్సరాలలో వచ్చిపడిన నల్ల తామర పురుగు, అకాల వర్షం, వేసవిలో ఈదురుగాలి... ఇన్నిటినీ దాటుకొని వచ్చిన కాయే విజయవాడ పక్కన ఉన్న నున్న మార్కెట్టుకు చేరుతుంది. పూసినదంతా కాయదు, కాసినదంతా పండదు. ఈ సంగతి ఇక్కడి చిన్న పిల్లలకు సైతం తెలుసు.

ఇంత తెలిసిన మన వాళ్లే నగరానికి వెళ్లి, ఇంకా పునాది కూడా పడని భవనంలో ఆఫీసు గదులు కొనేటప్పుడు మాత్రం ఆ తెలివిని తోటలోనే వదిలి వెళుతున్నారు. వారిలో ఒకరికి మేమే పొరపాటు సలహా ఇచ్చాము. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

వడ్డీ లేదు కదా, మౌలానా?

కొన్ని సంవత్సరాల క్రితం మా మదరసాలో చదివే ఒక పిల్లవాడి తండ్రి అసర్ నమాజు తర్వాత మా వద్దకు వచ్చారు. చేతిలో రంగు రంగుల కాగితం ఉంది. దాని మీద అద్దాలతో మెరిసిపోతున్న ఎత్తయిన భవనం బొమ్మ. విజయవాడ నుంచి గన్నవరం వెళ్లే దారిలో అది రాబోతున్నదట. అందులో మూడు వందల చదరపు అడుగుల ఆఫీసు స్థలానికి ఇప్పుడే మొత్తం డబ్బు కడితే ధర తక్కువ. పైగా కట్టిన మరుసటి నెల నుంచే అద్దె ఇస్తారట. తండ్రి నుంచి వచ్చిన తోటలో ఎకరంన్నర అమ్మి ఆ డబ్బు కడదామని ఆయన ఆలోచన. కూతురు ట్రిపుల్ ఐటీలో చదువుతున్నది. ఆమె పెళ్లి నాటికి ఆ అద్దె అక్కరకు వస్తుందని ఆశ.

"బ్యాంకులో వేస్తే వడ్డీ అవుతుంది. ఇందులో వడ్డీ లేదు కదా, మౌలానా?" అని అడిగారు.

"అద్దె అయితే హలాలే, భాయీ" అన్నాము. అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

పదకొండు నెలలు డబ్బు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఇప్పటికీ ఆ స్థలంలో తుమ్మచెట్లు, వాన నీటికి వెలిసిపోయిన ఒక బోర్డు తప్ప మరేమీ లేవు. మొన్న ఆయన మళ్లీ వచ్చినప్పుడు మమ్మల్ని నిందించలేదు. నిందించి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో. మేము ఆనాడే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. భవనమే లేనప్పుడు అద్దె ఎక్కడిది?

నగరం ఎందుకు ఊరిస్తున్నది?

ఆయన ఆశను తప్పు పట్టలేము. మా చిన్నతనంలో విజయవాడలో ఆఫీసు అంటే గవర్నరుపేటలో మేడ మీద ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు క్యాలెండరు. కింద దుకాణం, పైన కాపురం. బీసెంట్ రోడ్డులో, ఒన్‌టౌన్‌లో వ్యాపారాలన్నీ అలాగే నడిచాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన తర్వాత ఆ లెక్క మారింది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2016లో వెలగపూడికి సచివాలయం తరలి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రభుత్వ కార్యాలయాలకు, వాటి వెంట వచ్చిన సంస్థలకు విజయవాడలో గదులు కావలసి వచ్చాయి. బెంజి సర్కిల్ చుట్టుపక్కల, బందరు రోడ్డు పొడవునా అద్దాల భవనాలు లేచాయి. గన్నవరం విమానాశ్రయానికి చేరువలో కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణం మన పిల్లలకు ఉద్యోగాల చిరునామాలయ్యాయి. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలైన నాటి నుంచి మన ప్రాంతపు బిడ్డలు కూడా అలాంటి ఆఫీసుల వైపే చూస్తున్నారు.

అయితే నగరపు పూత కూడా మామిడి పూత వంటిదే. 2019 తర్వాత అమరావతి పనులు ఆగిపోయాయి. రాజధాని ఎక్కడన్న వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. 2018లో అమరావతిలో హ్యాపీనెస్ట్ పేరిట 1,200 ఫ్లాట్లకు బుకింగ్ పెడితే జనం ఎగబడి కట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురు చూశారు. అది సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ తలపెట్టిన పని. 2025 మే 2న రాజధాని పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. దానితో భూముల బేరాలకు, రంగు కాగితాలకు మళ్లీ రెక్కలు వచ్చాయి. కనుక ఈ మాట ఇప్పుడే చెప్పుకోవడం అవసరం.

మదీనా తోటలు చెప్పే పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వచ్చే నాటికి అక్కడి ప్రజలు ఖర్జూర తోటల యజమానులు. పండ్లు పక్వానికి రాకముందే బేరాలు చేసుకునేవారు. తీరా కోత సమయానికి తెగులు పట్టిందని, పిందె రాలిందని కొన్నవాడు తగవుకు దిగేవాడు. ఈ తగవులు పెరిగిపోయిన మీదట, పండు పక్వత బయటపడనిదే అమ్మకాలు చేయవద్దని ఆయన (స) చెప్పినట్లు జైద్ బిన్ సాబిత్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తున్నది. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే నీ సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటావన్న భావం గల హదీసును అనస్ (రజి) ఉల్లేఖించారు. రాబోయే కొన్నేళ్ల కాపును ముందే అమ్మడాన్ని కూడా ఆయన (స) వారించారు.

గమనించండి. ఆ బేరాలలో వడ్డీ లేదు. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నవే. అయినా వారించారు. ఎందుకంటే అమ్మే వస్తువు ఉంటుందో లేదో ఇద్దరికీ తెలియదు. దీనినే మన ధర్మశాస్త్రంలో 'గరర్' అంటారు. అనిశ్చితి మీద కట్టిన బేరం అన్నమాట. వడ్డీ ఒక తలుపు. గరర్ మరో తలుపు. మనలో చాలామందిమి మొదటి తలుపుకు గట్టిగా గడియ పెట్టి, రెండవ దానిని బార్లా తెరిచి నిద్రపోతున్నాము. ఆనాడు మేము చేసింది కూడా అదే.

ఇక ఆయనకు నెలనెలా వచ్చిన డబ్బు సంగతి. అద్దె అంటే ఒక వస్తువును వాడుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం. వాడుకోవడానికి గోడ లేదు, కప్పు లేదు. అలాంటప్పుడు ఆ డబ్బును అద్దె అనలేము. ఇచ్చిన సొమ్ము మీద వచ్చిన అదనం అది. పేరు మారినంత మాత్రాన స్వభావం మారదు. అంటే ఆ తండ్రి ఏ వడ్డీ నుంచి పారిపోయారో, మా మాట విని సరిగ్గా దాని దగ్గరకే వెళ్లారు.

కట్టని భవనం కొనడమే తప్పా?

తప్పు కాదు. ఇక్కడ తొందరపడి అంతా హరామ్ అనడం కూడా సరికాదు. చెప్పి చేయించుకునే వస్తువు కొనుగోలుకు మన హనఫీ ఇమాములు ద్వారం తెరిచే ఉంచారు. చెప్పులు, పాత్రలు వంటివి కొలత ఇచ్చి చేయించుకోవడం ప్రజలలో వాడుకగా ఉన్నది కనుక దానిని సమ్మతించారు. దీని పేరు 'ఇస్తిస్నా'. 1992లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ దీనికి షరతులను స్పష్టపరిచింది. వస్తువు రకం, పరిమాణం, వర్ణన తేటతెల్లంగా ఉండాలి. గడువు నిర్ణయించాలి. ధరను వాయిదాలలో చెల్లించవచ్చు.

పూతకూ ఇస్తిస్నాకూ తేడా ఇదే. చెట్టు కాస్తుందో లేదో మనిషి చేతిలో లేదు. భవనం కట్టడం మనిషి చేతిలో ఉన్నది. కాని ఆ మనిషి మాట కాగితం మీద, కొలతతో, గడువుతో ఉంటేనే అది ఒప్పందం. బొమ్మ చూపించి డబ్బు తీసుకుంటే అది పూత మీద బేరమే.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మనకు తోడుగా ఉంది. 2016 నాటి స్థిరాస్తి చట్టాన్ని అందరూ రెరా అని పిలుస్తున్నారు. ఇది ఇళ్లకే కాదు, ఆఫీసులకు, దుకాణాలకు, గోదాములకు కూడా వర్తిస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, గదులు ఎనిమిదికి మించకపోయినా మినహాయింపు ఉంది. తక్కినవి రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం గాని, బుకింగ్ తీసుకోవడం గాని నేరం. రాతపూర్వక అమ్మకపు ఒప్పందం చేసి రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ నిర్మాణం కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే ఉచితంగా సరిచేయాలి. మా వద్దకు వచ్చిన సోదరుడు మొత్తం డబ్బు ముందే కట్టారు. ఆయన దగ్గర ఉన్నది ఒక రసీదు, ఒక బొమ్మ.

చదరపు అడుగు ఎంత?

కొలతలలో మోసం చేసేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. తూకం అనగానే మనకు కాటా గుర్తుకు వస్తుంది గాని, నేటి కాటా చదరపు అడుగు. అమ్మేవారు చెప్పే వైశాల్యంలో మెట్లు, లిఫ్టు, వరండా, కారిడారులో వాటా అన్నీ కలిసి ఉంటాయి. లోపల కుర్చీ వేసుకొని కూర్చోగలిగే స్థలం వేరు. దానిని కార్పెట్ ఏరియా అంటారు. రెరా ప్రకారం ఈ లెక్క స్పష్టంగా చెప్పి తీరాలి. మరికొందరు పెద్ద అంతస్తును గోడలు లేకుండానే ముక్కలుగా లెక్కవేసి అమ్ముతారు. "ఇది నాది" అని వేలు పెట్టి చూపడానికి హద్దు ఉండదు. అద్దెదారుడు ఖాళీ చేస్తే మీ ముక్కను మీరు తాళం వేసుకోనూ లేరు, విడిగా అద్దెకు ఇవ్వనూ లేరు.

ఆఫీసుల రూపం కూడా మారింది. వెనుకటిలా గదులు గదులుగా కాకుండా విశాలమైన ఒకే హాలులో వరుసగా బల్లలు, మధ్యలో అద్దాల సమావేశ గది. చిన్న సంస్థలు సొంతంగా గది తీసుకోకుండా ఒక హాలులో నాలుగు కుర్చీలు మాత్రమే నెలవారీ అద్దెకు తీసుకుంటున్నాయి. సౌకర్యమే. కాని స్థలం కొనేవారు ఒక విషయం ఆలోచించాలి. ఇలాంటి అద్దెదారులు త్వరగా వస్తారు, అంతే త్వరగా వెళ్లిపోతారు. పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దం పెడితే, వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలలో ఏసీ బిల్లు అద్దెను తినేస్తుంది. వాహనాలు నిలిపే చోటు, రెండవ మెట్లదారి, అగ్నిప్రమాద ఏర్పాట్లు, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి, వుజూ చేసుకొని నమాజు చదువుకోవడానికి కాస్త మూల... వీటిని అడగడం చాదస్తం కాదు. రేపు ఆ కుర్చీలో కూర్చునేది మన కూతురే కావచ్చు.

ప్రియ పాఠకులారా! సొమ్ము ఇచ్చే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ ప్రశ్నలు వేసుకోండి. నేల మీద కట్టడం మొదలైందా? రెరా నంబరు ఉందా? కార్పెట్ ఏరియా ఎంత? గడువు తేదీ ఒప్పందంలో ఉందా? ఇచ్చే అద్దె దేనికి? ఇంటి ఆడవారిని కూడా ఈ సంప్రదింపులో కూర్చోబెట్టండి. ఆనాడు ఆ సోదరుని భార్య "తోటైతే రోజూ కళ్లకు కనిపిస్తుంది కదా" అన్నదట. ఆమె మాట మేము చెప్పిన దానికంటే ధర్మశాస్త్రానికి దగ్గరగా ఉంది.

ఆయన ఫిర్యాదు పత్రాలు రాయడంలో మేము తోడుగా ఉన్నాము. డబ్బు ఎంత తిరిగి వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. మదరసాలో హిదాయా గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయం చెప్పేటప్పుడు ఇన్నేళ్లూ ఖర్జూరాల ఉదాహరణతో సరిపెట్టాము. ఇప్పుడు రసాల తోటను, అద్దాల భవనాన్ని పక్కపక్కన పెట్టి చెబుతున్నాము. మిగిలిన రెండెకరాల తోట ఈ ఏడు కూడా పూసింది. మొన్న ఒక వ్యాపారి అడ్వాన్సు పట్టుకొని ఆ సోదరుని గుమ్మం తొక్కాడు. డబ్బు అవసరం ఎంత ఉన్నా, కాయ పక్వానికి వచ్చాక రమ్మని ఆయన పంపేశారు.