హెడ్‌ఫోనులలో ధ్వని యేల చెడును?

ఫోనుకు ఇయర్‌ఫోను తగిలించి పాట పెట్టగా ఒక్కొక్కప్పుడు ఒక వింత జరుగును. వయొలిన్ స్పష్టముగా వినబడును, తబలా వినబడును, ఆ రెండింటి నడుమ ఉండవలసిన గాయని కంఠము మాత్రము నూతిలోనుండి వచ్చినట్లు సన్నగిల్లును, లేదా బొత్తిగా మాయమగును. పాట చెడినదని కొందరు, ఫోను చెడినదని కొందరు తలచి కొత్తది కొనుటకు బయలుదేరుదురు. నిజమునకు తెగినది వెండ్రుకవంటి ఒక్క రాగితీగ కావచ్చును.

ఇయర్‌ఫోనులో ప్రతి చెవి భాగమునందును ఒక చిన్న అయస్కాంతము, దాని సందులో ఒక సన్నని తీగచుట్ట, చుట్టకు అంటించిన పలుచని పొర ఉండును. పాట ననుసరించి మారు విద్యుత్తు చుట్టలో ప్రవహింపగా చుట్ట ముందుకు వెనుకకు కదలి, పొరచే గాలిని కదిలించును. ఒక్కొక్క చుట్టకు రెండు కొసలు. రెండు చెవులకు నాలుగు తీగలు కావలెను గదా! కాని ప్లగ్గులో మూడే స్థానములు చాలును. కొన ఎడమ చెవిది, నడిమి ఉంగరము కుడి చెవిది, మిగిలినది రెండింటికిని ఉమ్మడి తిరుగుదారి.

ఈ ఉమ్మడి దారి తెగినదనుకొందము. ఎడమ చుట్టలోనికి వచ్చిన విద్యుత్తుకు కుడి చుట్ట గుండా పోవుట తప్ప వేరు మార్గము లేదు. అప్పుడు రెండు చుట్టలను నడుపునది ఎడమ కుడి సంకేతముల తేడా మాత్రమే. పాటను రికార్డు చేయువారు సాధారణముగా గాయని కంఠమును రెండు వైపులను సమముగా ఉంచుదురు. అందుచేతనే అది మధ్యనుండి వచ్చినట్లు తోచును. కంఠమును 'క' అని, వయొలిన్‌ను 'వ' అని, తబలాను 'త' అని అనుకొనినచో, ఎడమ వైపున క + వ, కుడి వైపున క + త ఉండును. ఒకదానినుండి మరియొకటి తీసివేయగా మిగులునది వ − త. 'క' పోయినది! ఎనిమిదవ తరగతి బీజగణితము చెవికి వినబడు సందర్భ మిదియే. పాటలనుండి కంఠమును తొలగించు పరికరములు కొన్ని ఈ తీసివేతనే బుద్ధిపూర్వకముగా చేయును.

తీగ తెగకపోయినను ఇట్లు జరుగవచ్చును. మైకు గల ప్లగ్గులలో నాలుగు స్థానము లుండును. మైకును ఏ స్థానమున, ఉమ్మడి దారిని ఏ స్థానమున ఉంచవలె ననుటలో రెండు ఏర్పాటులు వ్యాపించినవి. ఒక ఏర్పాటు ఇయర్‌ఫోను మరియొక ఏర్పాటు ఫోనుకు తగిలించినచో కంఠము మాయమగును. మైకు వద్దనున్న మీటను నొక్కి పట్టగానే పాట యథాప్రకారముగా వచ్చినచో ఇదే కారణము. మీట మైకు రెండు కొసలను కలుపును గనుక ఉమ్మడి దారి తాత్కాలికముగా ఏర్పడును.

తీగ తెగినదా లేదా అనుటకు బడి ప్రయోగశాలలోని మల్టీమీటరు చాలును. ఇయర్‌ఫోను చెవిలో లేనపుడు ప్లగ్గు కొనకు, ఉమ్మడి స్థానమునకు మధ్య నిరోధమును కొలువవలెను. 32 ఓముల ఇయర్‌ఫోనులో రమారమి అంతే చూపును. ఉంగరముతోను అట్లే. రెండు కొలతలును అనంతమై, కొనకు ఉంగరమునకు మధ్య మాత్రము 64 ఓముల ప్రాంతము చూపినచో ఉమ్మడి తీగ తెగినట్లే. అది తరచుగా తెగు చోటు ప్లగ్గు మెడ; ఫోనును జేబులో వేసికొనునపుడు వంగునది అదియే. టంకము వేయువారు తీగపై లక్కపూతను ముందుగా కాల్చివేయవలెను, లేనిచో అతుకు పట్టదు.

తీగ లేని బ్లూటూత్ ఇయర్‌ఫోనులలో తంటా వేరు. పాట చక్కగా వినబడుచుండగా ఆన్‌లైన్ పాఠము మొదలు కాగానే ధ్వని మొద్దుబారును. మైకు కూడ పనిచేయవలసివచ్చినపుడు సాధారణ బ్లూటూత్ రెండువైపుల మాటలకు తగిన వేరొక పద్ధతికి మారును. అందు సెకనుకు 8000 లేక 16000 కొలతలే తీయుదురు. 8000 కొలతలతో 4000 హెర్ట్జులకు పైబడిన ధ్వని నిలువదు. సకారపు బుస చాలవరకు అంతకు పైననే యున్నది. సెట్టింగులలో కంప్యూటరు సొంత మైకును ఎన్నుకొనినచో ధ్వని తిరిగి తేటపడును.

మంద్రస్వరములు పలుచబడినచో చెవిలోని రబ్బరు బుడిపెను చూడవలెను. అది చెవికి బిగువుగా అమరనిచో పొర నొక్కిన గాలి ప్రక్కలనుండి జారిపోవును. మృదంగపు గుంకి వినబడదు. జాలీలో గులిమి పేరుకొనినను ధ్వని తగ్గును. పొడి మెత్తని బ్రష్షుతో, జాలీ క్రిందివైపునకు ఉండునట్లు పట్టి దులుపవలెను.

లోప మిట్లుండగా దానిని వెదకక ధ్వనిని పెంచుకొనుటయే ప్రమాదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘము 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలకు 80 డెసిబెల్లుల వద్ద వారమునకు 40 గంటలు హద్దు. పిల్లలకు 75 డెసిబెల్లులు. 3 డెసిబెల్లులు పెరిగినచో కాలము సగమగును. 90 వద్ద పెద్దలకైనను వారమునకు 4 గంటలే. లోచెవిలోని రోమకణములు చచ్చినచో మనుష్యులలో తిరిగి మొలువవు.

ఒకవైపు ధ్వని తక్కువైనపుడు ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి మార్చి పెట్టి చూడవలెను. తగ్గుదల ఇయర్‌ఫోనుతోపాటు చెవి మారినచో దోషము దానిదే. అదే చెవిలో నిలిచినచో గులిమి అడ్డుపడియుండవచ్చును, వినికిడియే తగ్గియుండవచ్చును. అప్పుడు వెళ్లవలసినది చెవి వైద్యుని యొద్దకు.