ఊరగాన్ నుండి తుఫానీ వరకు

పాన్‌గల్ దుర్గము క్రింద నిలిచిన వారికి రాతిగోడలు కనిపించునుగాని, వాటికై పోరిన గుర్రములెక్కడివో తోచదు. పదిహేనవ శతాబ్ది ఆరంభమున బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా ఈ కోటను చాలకాలము ముట్టడించినాడు. శిబిరమున తెగులు ప్రబలి మనుష్యులును గుర్రములును నశింపగా, తుదకు విజయనగరసేన చేతిలో ఓడినాడు. ఇరుపక్షములకును మేలుజాతి గుర్రములు అరేబియా, పారసీక తీరముల నుండి ఓడలపై రావలసినవే. యుద్ధవాహనమును పరులవద్ద కొనువానికి అమ్మకందారు ఒక్కడే యైనచో ఇబ్బంది తప్పదు.

1953లో మన దేశమునకు వచ్చిన చిక్కు ఇదియే. అంతవరకు మనవారు నడపిన హరికేన్, స్పిట్‌ఫైర్, టెంపెస్ట్, వాంపైర్ యుద్ధవిమానములన్నియు బ్రిటిషువారివే. ఆ జూన్‌లో ప్రభుత్వము ఫ్రాన్సు వైపు తిరిగి 71 ఊరగాన్‌లకు ఒప్పందము చేసికొన్నది. ఊరగాన్ అనగా పెనుగాలివాన. మన దళమువారు దానిని తుఫానీ అన్నారు. కోస్తావారికి ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు.

దీనిని నిర్మించిన మార్సెల్ దస్సో 1944లో నాజీల బుకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరము పాలైనవాడు. యుద్ధానంతరము శిథిలమైయున్న ఫ్రెంచి విమానపరిశ్రమలో ఆయన సొంతముగా పూనుకొన్న జెట్ యుద్ధవిమానమిది. 1949 ఫిబ్రవరి 28న మొదటిసారి ఎగిరినది. ముక్కువద్దనే గాలి పీల్చుకొను గుండ్రని నోరు, దాని క్రింద నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. వేగము గంటకు సుమారు 940 కిలోమీటర్లు. అయితే లోపలి ఇంజను మాత్రము రోల్స్‌రాయిస్‌వారి నీన్; ఫ్రాన్సులోని హిస్పానో సూయిజా సంస్థ అనుమతిపై తయారుచేసినది. బ్రిటిషువారిని విడిచి ఫ్రెంచివారిని చేరితిమన్నను, గుండెకాయ ఇంగ్లండుదే! అంత తేలికగా స్వతంత్రులము కాజాలమని మేము తలంచుచున్నాము.

తొలి నాలుగు విమానములు 1953 అక్టోబరు 24న ఢిల్లీ సమీపమున పాలం చేరినవి. 1957లో మరి 33 కొనగా మొత్తము 104 అయినవి. ఇవి గురి తప్పక కాల్చుటకు అనువైనవి, నేలమీది లక్ష్యములను కొట్టుటకు మెరుగైనవి. బిగువైన మలుపులో మాత్రము అదుపు తప్పి సుడితిరుగు దోషము కలవు. 1961 డిసెంబరులో పోర్చుగీసువారి డయ్యూ విమానాశ్రయముపై దాడి చేసినవి ఇవే. అప్పటికే అదే సంస్థవారి మిస్టేర్ వచ్చి ముందువరుసను ఆక్రమించినది. 1965లో ఒక తుఫానీ దారి తప్పి పాకిస్తానులో దిగవలసివచ్చినది. ఆ దశకము ముగియునాటికి మన దళమున వీటి పని ముగిసినది.

2016లో మరల దస్సో సంస్థతోనే 36 రఫేల్ విమానములకు ఒప్పందము కుదిరినది. రఫేల్ అనగా గాలిదుమారము.