తపాలా బిళ్ళపై అమెరికా

ఒక రాజ్యము తనను గూర్చి తాను ఏమి తలంచుచున్నదో తెలియవలెనన్న, దాని తపాలా బిళ్ళలను కాలక్రమమున పేర్చి చూచుట మంచి ఉపాయము. ఏలయన వానిమీది బొమ్మలన్నియు ప్రభుత్వము యోచించి, కోరి యెన్నుకొనినవే. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1847 జూలై 1వ తేదీన తొలి బిళ్ళలను వెలువరించుచు, పది సెంట్ల దానిపై జార్జి వాషింగ్టనును, అయిదు సెంట్ల దానిపై, 1775లో ఆ దేశపు మొదటి పోస్టుమాస్టరు జనరలైన బెంజమిన్ ఫ్రాంక్లినును నిలిపినవి. 1861లో అంతర్యుద్ధము చెలరేగగా, తిరుగుబాటు చేసిన దక్షిణ రాష్ట్రములవారు తమ తపాలా కచేరీలలోని బిళ్ళల నిలువలను సొమ్ము చేసికొనకుండ, వాషింగ్టను ప్రభుత్వము అంతవరకు వాడుకలోనున్న బిళ్ళలు చెల్లవని ప్రకటించి క్రొత్తవి అచ్చువేయించెను. దక్షిణమువారును ఊరకుండక, తమ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిసు జీవించియుండగనే ఆయన బొమ్మతో బిళ్ళలు తెచ్చిరి.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనమును పురస్కరించుకొని, ఒక సెంటు మొదలు అయిదు డాలర్ల వరకు కొలంబసు యాత్రపై 16 బిళ్ళలు వెలువడెను. ఒక సెంటు బిళ్ళపై ఓడనుండి తీరమును గాంచుచున్న కొలంబసునకు గడ్డము లేదు. రెండు సెంట్ల బిళ్ళపై అదే తీరమున దిగిన కొలంబసునకు నిండు గడ్డము! ఇరువురు చిత్రకారుల వేర్వేరు పటములను చూచి చెక్కుటచే కలిగిన ఈ వింతను సేకర్తలు నేటికిని చెప్పుకొని నవ్వుదురు.

నవ్వరాని సంగతి వేరొకటి కలదు. బానిసగా పుట్టి, 1863 నాటి విమోచన ప్రకటన తరువాత స్వేచ్ఛను పొంది, అలబామాలోని టస్కీగీలో విద్యాలయమును పెంచి పోషించిన బుకర్ టి. వాషింగ్టను బొమ్మ 1940లో పది సెంట్ల బిళ్ళపైకి వచ్చెను. అమెరికా బిళ్ళమీద నల్లజాతి పురుషునకు గాని స్త్రీకి గాని చోటు దొరకుట అదియే ప్రథమము. తొలి బిళ్ళకును దానికిని నడుమ 93 ఏండ్లు గడచినవి. ఆ దేశచరిత్రలో నాకు ఈ విరామము ఏ యుద్ధవర్ణనకంటెను ఎక్కువ బోధపరచినది.

1961 జనవరి 26న, మన గణతంత్ర దినమున, అమెరికా గాంధీమహాత్ముని బొమ్మతో నాలుగు, ఎనిమిది సెంట్ల బిళ్ళలు విడుదల చేసెను. అప్పుడచ్చట చదువుకొనుచున్న మా పినతండ్రిగారి కవరుమీద ఇతర బిళ్ళల నడుమ ఆ బొమ్మను చూచి మా నాయనమ్మ, "మన గాంధీగారిని వాళ్ళ ఉత్తరాలకీ అంటించుకుంటున్నార్రా!" అని ఇరుగుపొరుగు లందరకు చూపినది. లోపలి జాబులో ఆయన, చప్పిడి కూడు తినలేకున్నానని, వచ్చువారెవరైన నున్నయెడల ఆవకాయ పంపుడని వ్రాసెను. నాటి అమెరికా రాజకీయములు ఎన్నో మరచితిని గాని, ఆ బిళ్ళను చూచినప్పుడెల్ల ఆవకాయ మాట జ్ఞప్తికి వచ్చుచున్నది.

మీ పెట్టెలలో ఇట్టి పాత కవరులున్నయెడల, బిళ్ళ కొరకు వానిని నీట నానవేయకుడు. బిళ్ళనుబట్టి దేశమేదో తెలియునే గాని, జాబు ఏ యూరినుండి ఏ దినమున బయలుదేరినదో చెప్పునది తపాలా ముద్ర. ఎవరి చేతికి చేరినదో చెప్పునది చిరునామా. కవరును కవరుగనే, ఎండ తగులని చోట దాచుడు.