ప్రేమయు సత్యమును

ఎదుటివాని మనస్సు నొప్పింపకుండుటయే ప్రేమ యని మనలో పలువురి తలంపు. క్రైస్తవధర్మము ఈ తలంపుతో తృప్తి చెందదు. క్రొత్త నిబంధనలో ప్రేమకు విశేషముగా వాడబడిన గ్రీకుమాట 'అగాపే'. ఎదుటివాని మేలుకోరి తన్నుతాను అర్పించుకొను సంకల్పమని దాని భావము. మేలు కోరువాడు నిజమును దాచలేడు. అందుచేతనే కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పౌలు, ప్రేమకు కలుగు ఆనందము సత్యముతో ముడిపడియున్నదని బోధించెను.

ఈ బోధ ఆచరణలో ఎట్లుండునో తెలిసికొనుటకు నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ చరిత్రను చూచిన చాలును. 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తమిళదేశపు తిరునెల్వేలి ప్రాంతమునుండి అచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలలో సేవ ప్రారంభించిరి. మరుసటి సంవత్సరము జూన్ మాసమున ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు ప్రసంగించిరి. సభికులలో అధికసంఖ్యాకులు పాశ్చాత్య మిషనరీలు, వారి పోషకులు. అట్టివారి యెదుట ఆయన, విదేశీయులకును భారతీయ సేవకులకును నడుమ యజమాని, సేవకుడు అను భావమే యున్నదనియు, నిజమైన స్నేహము కొరవడినదనియు స్పష్టముగా చెప్పిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి.

ఇది తప్పులెన్నుట కాదా యని శ్రోతలు అడుగవచ్చును. మూడు సంగతులను గమనింతము. మిషనరీల త్యాగమును ఆయన మరువలేదు, కృతజ్ఞతతో కొనియాడిరి. చాటున గొణుగక, వారి ముఖముననే పలికిరి. చివరకు కోరినది ధనమును గాదు, పదవిని గాదు, స్నేహమును మాత్రమే. దూరము చేయుటకై పలికిన నిజము వేరు, దగ్గర చేయుటకై పలికిన నిజము వేరు.

నిజము పలికి ఆయన తొలగిపోలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయిరి. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూయువరకు 32 సంవత్సరములు ఆ బాధ్యతను వహించిరి. తమవారికిని ఆయన నిజమునే చెప్పిరి. బాప్తిస్మము పొందియు కులభేదమును, మద్యమును విడువకుండుట తగదని హెచ్చరించిరి. ఆ పల్లెలకే మరల మరల ఎడ్లబండిలో వెళ్లిరి.

మన యిండ్లలో ఒక తండ్రి కొడుకు దోషమును కప్పిపుచ్చి ప్రేమ యనుకొనును. మరియొక తండ్రి దానిని కోపముతో చాటి, కొడుకును గడప దాటించి సత్యము పలికితి ననుకొనును. మొదటివాని ప్రేమ కొడుకును చెడగొట్టును. రెండవవాని సత్యము వానిని పోగొట్టును. దోషమును ఎరుకపరచి, ఆ పూట వానితో కలసి అన్నము తినగలిగిన తండ్రియే ప్రేమ నెరిగినవాడు.