పిల్లలకు తట్టు వస్తే: ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన సంగతులు

"పాపకి అమ్మవారు పోసిందమ్మా, ఈ ఆదివారం బడికి రాదు" అని ఏ అమ్మమ్మగారో ఫోన్ చేస్తే, ముందు అడగాల్సింది ఒకటే: అది ఆటలమ్మా, తట్టా? మనవాళ్ళు రెంటినీ ఒకే మాటతో చెప్పేస్తుంటారు. ఆటలమ్మలో నీటి పొక్కులు లేస్తాయి. తట్టులో ముందు కొన్ని రోజులు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ఉంటాయి. ఆ తర్వాతే ముఖం మీద ఎర్రటి దద్దుర్లు మొదలై ఒంటి మీదికి దిగుతాయి.

చిక్కంతా ఆ ముందు రోజులతోనే. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే బిడ్డ ద్వారా ఇతరులకు అంటుతుంది. మామూలు జలుబే కదా అని మనం గుణింతాలు రాయిస్తూ కూర్చుంటాం. ఆ బిడ్డ ఇంటికి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గదిలోని గాలిలో ఉండగలదు. రోగనిరోధక శక్తి లేనివాళ్ళు దగ్గర్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది.

అమెరికాలో తట్టు నిర్మూలన అయిందని 2000లో ప్రకటించారు. అయినా 2025 జనవరిలో పశ్చిమ టెక్సస్‌లో మొదలై, ఆగస్టుకల్లా ఆ రాష్ట్రంలో 762 మందికి సోకింది. టీకా వేయించుకోని ఇద్దరు బడి ఈడు పిల్లలు చనిపోయారు. ఎం.ఎం.ఆర్. టీకా రెండు డోసులు పడితే నూటికి 97 మందికి రక్షణ ఉంటుంది.

మన తల్లిదండ్రుల్లో టీకా వద్దనేవాళ్ళు తక్కువే. పొరపాటు జరిగేది తేదీల దగ్గర. ఇండియాలో తొమ్మిది నెలలకే మొదటి డోసు వేస్తారు. ఇక్కడ ఏడాది నిండకముందు వేసినది లెక్కలోకి రాదు, మళ్ళీ రెండు డోసులు వేయించాల్సిందే. అలాగే ఆరు నుంచి పదకొండు నెలల పసివాళ్ళను సెలవులకి ఇండియా తీసుకెళ్తుంటే, ప్రయాణానికి రెండు వారాల ముందే ఒక డోసు వేయించాలి. టికెట్లు బుక్ చేసేటప్పుడే డాక్టరుగారిని అడగమని చెప్పండి.

తట్టు అనుమానం ఉంటే నేరుగా క్లినిక్‌కి వెళ్ళి అందరి మధ్యా కూర్చోకుండా, ముందు ఫోన్ చెయ్యమనండి. వెంటనే బడి నిర్వాహకులకూ తెలపండి. ఎందుకంటే, టీకా పడనివాళ్ళు రోగి ఉన్నచోట ఉన్నా 72 గంటల్లోపు డోసు వేస్తే జబ్బును ఆపే అవకాశం ఉంది. మరీ పసివాళ్ళకైతే ఆరు రోజుల్లోపు వేరే ఇంజెక్షన్ ఇస్తారు. అందుకే హాజరు పట్టీలో పిల్లల పేర్లతో పాటు, వరండాలో అమ్మ ఒళ్ళో కూర్చున్న చంటి తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పేర్లు కూడా రాసిపెట్టుకోండి.