లెక్క కట్టిన బొమ్మ

1964 ప్రాంతంలో అమెరికాలోని పాలో ఆల్టోలో వేరియన్ కంపెనీ ఎన్ఎంఆర్ యంత్రాలు తయారుచేసేది. పదార్థాన్ని బలమైన అయస్కాంతంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు చుట్టూ ఉన్న పరమాణువులను బట్టి ఒక్కోటి ఒక్కో పౌనఃపున్యం దగ్గర స్పందిస్తాయి. వాటిని చూసి అణువు నిర్మాణం చెప్పొచ్చు. చిక్కల్లా యంత్రం నత్తనడకతోనే. పౌనఃపున్యాలను ఒకదాని తర్వాత ఒకటి తడుముకుంటూ పోవాలి. ఎక్కువ సమయం ఏమీ లేనిచోట వెతకడానికే సరిపోయేది.

అక్కడ పనిచేస్తున్న స్విస్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ ఎర్న్‌స్ట్, సహోద్యోగి వెస్టన్ ఆండర్సన్ సూచనతో ఈ పద్ధతి మార్చాడు. గుళ్లో గంటలన్నీ ఒకే దెబ్బకు మోగించినట్టు, చిన్న రేడియో పల్స్‌తో కేంద్రకాలన్నిటినీ ఒకేసారి పలికించాడు. వచ్చిందేమో గజిబిజి అల. కాసేపటికే సన్నగిల్లిపోతుంది.

దాన్ని విడదీసే గణితం అప్పటికే పాతది. దర్జీ కొడుకు జోసెఫ్ ఫోరియర్ 1807లో వేడి ప్రసారాన్ని లెక్కిస్తూ, ఎంత వంకర గీతనైనా సైన్ తరంగాల మొత్తంగా రాయొచ్చన్నాడు. గణితంలో పెద్దాయన లగ్రాంజ్ ఒప్పుకోలేదు. పుస్తకం 1822లో గానీ వెలువడలేదు.

ఎర్న్‌స్ట్ కొలతలు కాగితం టేపు మీద చిల్లులుగా పడేవి. వాటిని ఐబీఎం కంప్యూటర్ దాకా మోసుకెళ్లి లెక్క కట్టించాలి. ఈ పద్ధతి గురించి రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక రెండుసార్లు తిప్పికొట్టింది. 1966లో మరోచోట అచ్చయింది. ఈలోగా 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ఫోరియర్ లెక్కకు దగ్గరిదారి ప్రచురించారు. 1024 కొలతలకు పది లక్షల పైచిలుకు గుణకారాలు కావలసిన చోట పదివేల స్థాయితో పని ముగుస్తుంది. ఎర్న్‌స్ట్‌కు 1991లో నోబెల్ వచ్చింది.

1973లో శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ మరో మెలిక పెట్టాడు. అయస్కాంత బలాన్ని చోటును బట్టి మారిస్తే, పౌనఃపున్యమే ఆ చోటి చిరునామా అవుతుంది. అలా రెండు సన్నని నీటి గొట్టాల బొమ్మ తీసి చూపాడు. 1975లో జ్యూరిక్ నుంచి అనిల్ కుమార్, డీటర్ వెల్టి, ఎర్న్‌స్ట్ కలిసి ఫోరియర్ లెక్కతోనే నేరుగా బొమ్మ కట్టే దారి చూపారు. అనిల్ కుమార్ బెంగళూరు ఐఐఎస్సీలో ఆచార్యుడిగా పనిచేశాడు. నేటి ఎమ్మారై స్కాన్ ఆ దారిలోదే.

స్కానింగ్‌లో చెవులు హోరెత్తించే టకటకలు, ఆ అయస్కాంత బలాన్ని మార్చే తీగచుట్టలవి. యంత్రం బొమ్మను ముక్కముక్కగా తీయదు. ప్రతి కొలతలోనూ ఆ పొరలోని కణజాలమంతటి సంకేతం కలిసే ఉంటుంది. అందుకే మధ్యలో తల కదిపితే చెడేది ఆ ఒక్కచోటే కాదు, బొమ్మంతటా దొంగ నీడలు పడతాయి. టెక్నీషియన్ కదలొద్దంటే కదలకండి. లేకపోతే స్కాన్ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.