పన్ను నాటించుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి
ఇంప్లాంటు చికిత్సపై అవగాహన అవసరం.. తొందరపడితే డబ్బుతోపాటు ఎముకకూ నష్టమే

ఏలూరు: పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలోనే కొత్త పన్ను నాటే ఇంప్లాంటు చికిత్స ఒకప్పుడు మహానగరాలకే పరిమితం. నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం వంటి పట్టణాల్లోనూ ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. పంట సొమ్ము చేతికి అందాక, చేపల పట్టుబడి ముగిశాక వాయిదా వేసుకున్న వైద్యాన్ని చేయించుకోవడం డెల్టా పల్లెల్లో అలవాటే. కొల్లేరు లంక గ్రామాల నుంచి పట్టణానికి వచ్చేవారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న 'ఎంతవుతుంది?' అని. నిజానికి అంతకంటే ముందు అడగవలసినవి, చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయి. వాటిని విస్మరిస్తే కష్టార్జితం వృథా కావడమే కాక, మళ్లీ పన్ను నాటడానికి చాలినంత ఎముక కూడా మిగలకపోవచ్చు.

అసలు ఇంప్లాంటు అంటే..

ఇంప్లాంటు అంటే పన్ను కాదు, పన్ను వేరుకు ప్రత్యామ్నాయం. టైటానియం లోహంతో చేసిన చిన్న మరను దవడ ఎముకలో బిగిస్తారు. దానిపై అనుసంధాన భాగాన్ని అమర్చి, ఆపైన పన్ను ఆకారంలో ఉండే తొడుగు వేస్తారు. ఈ మూడూ కలిస్తేనే పన్ను పూర్తయినట్లు. మర సాధారణంగా మూడున్నర నుంచి 5 మిల్లీమీటర్ల మందం, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది.

ఈ విధానానికి మూలపురుషుడు స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్. 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోగా అది ఎముకతో ఏకమైపోయి ఊడిరాలేదు. ఆ పరిశీలనే ఈ చికిత్సకు పునాది. 1965లో ఆయన తొలిసారిగా ఓ రోగికి టైటానియం వేర్లు నాటారు. ఆ రోగి 2006లో మరణించే వరకు, అంటే 40 ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. సక్రమంగా చేసి, సక్రమంగా కాపాడుకుంటే పదేళ్ల తరువాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. ఆ 'సక్రమంగా' అనే మాటలోనే అసలు విషయమంతా ఉంది.

అందరికీ అవసరమా?

పన్ను పోయిన ప్రతివారికీ ఇంప్లాంటు తప్పనిసరి కాదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు తక్కువ ఖర్చుతో పూర్తవుతాయి. అయితే నమిలే బలం తగ్గుతుంది, ఎముక అరిగేకొద్దీ అవి వదులవుతాయి. పక్క పళ్ల ఆధారంతో వేసే బ్రిడ్జి త్వరగా పూర్తవుతుంది. కానీ అందుకోసం ఆరోగ్యంగా ఉన్న పక్క పళ్లను అరగదీయాలి. ఇంప్లాంటుకు పక్క పళ్లతో పనిలేదు. కానీ శస్త్రచికిత్స, నెలల నిరీక్షణ, అధిక వ్యయం తప్పవు.

వీటన్నింటికంటే ముందు ఆలోచించవలసింది, ఉన్న పన్నును నిలుపుకోగలమా అన్నది. రూట్ కెనాల్ చికిత్సతోనో, చిగుళ్ల చికిత్సతోనో బతికే పన్నును పీకించి ఇంప్లాంటు వేయించుకోవడం తెలివైన పని కాదు. పళ్లన్నీ తీసేసి కొత్తవి పెడతామని ఎవరైనా అంటే, రెండో వైద్యుని అభిప్రాయం తీసుకోకుండా అంగీకరించరాదు.

పన్ను తీయించాక ఏళ్ల తరబడి ఊరుకోవడమూ మంచిది కాదు. పన్ను పోయిన చోట తొలి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగం వరకు తగ్గవచ్చు. ఎముక తగ్గితే కృత్రిమ ఎముక పొడి నింపడం, పైదవడలోనైతే సైనస్ పొరను పైకి లేపడం వంటి అదనపు చికిత్సలు అవసరమవుతాయి. దాంతో ఖర్చూ, కాలమూ పెరుగుతాయి.

దాచకుండా చెప్పవలసినవి

పన్ను వైద్యమే కదా అని ఒంట్లోని ఇతర జబ్బుల గురించి చెప్పకపోవడం పెద్ద పొరపాటు.

మధుమేహం: షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం, ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతాయి, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ ఉదయం చేసిన పరీక్ష ఒక్కటే సరిపోదు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. అది 7 శాతం పరిసరాల్లో ఉంటే సాధారణంగా ముందుకు వెళ్లవచ్చు. 8 దాటితే, ముందు షుగరును అదుపు చేసుకుని రమ్మని చాలామంది వైద్యులు చెబుతారు.

గుండె జబ్బులు: రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. అలాగని ఎవరికి వారు మాత్రలు మానేయరాదు. అలా మానేసి గుండెపోటు, పక్షవాతం కొనితెచ్చుకునే ప్రమాదం ఉంది. గుండె వైద్యుని సలహా మేరకే నిర్ణయం జరగాలి.

ఎముకల మందులు: ఎముకలు గుల్లబారకుండానో, క్యాన్సర్ చికిత్సలో భాగంగానో జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వంటి ఇంజెక్షన్లు తీసుకున్నవారికి దవడ ఎముక మానకుండా కుళ్లిపోయే అరుదైన, తీవ్రమైన సమస్య రావచ్చు. ఏడాదికి ఒకసారి వేసే ఇంజెక్షన్ కావడంతో చాలామంది దానిని మందుగా లెక్కవేయరు. పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్లాలి. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారూ ముందే చెప్పాలి.

పొగాకు: మెట్ట ప్రాంతంలో పొగాకు పంట, పల్లెల్లో చుట్ట, బీడీ, ఖైనీ అలవాట్లు కొత్త కాదు. పొగ తాగేవారిలో ఇంప్లాంటు విఫలమయ్యే అవకాశం తాగనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. చికిత్సకు కొన్ని వారాల ముందు నుంచి ఎముక అతికే వరకైనా మానగలిగితేనే ముందడుగు వేయాలి. పూర్తిగా మానితే మరీ మంచిది.

దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్లు వేయరు. సాధారణంగా 18 ఏళ్లు దాటే వరకు ఆగాలి. గర్భిణులు ప్రసవానంతరం చేయించుకోవడం శ్రేయస్కరం. వృద్ధాప్యం మాత్రం అడ్డంకి కాదు. వయసు కంటే ఆరోగ్యమే ముఖ్యం.

స్కానింగ్ ఎందుకు?

కింది దవడ ఎముకలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది. దానికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరంలో మరను ఆపాలి. నరం దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది. కొందరికి అది శాశ్వతంగా ఉండిపోవచ్చు. పైదవడలో సైనస్ గది అడ్డువస్తుంది. మామూలు ఎక్స్‌రే ఎముక ఎత్తును చూపుతుంది కానీ మందాన్ని చూపదు. సీబీసీటీ అనే త్రిమితీయ స్కానింగ్‌లో ఎత్తు, మందం, నరం దారి మూడూ తెలుస్తాయి. అందుకే స్కానింగ్ ఖర్చును దండగ అనుకోరాదు. ఆ చిత్రాన్ని చూపించి వివరించమని వైద్యుని అడగడం రోగి హక్కు.

శస్త్రచికిత్స సమయంలో ఎముకకు రంధ్రం చేసేటప్పుడు సెలైన్‌తో నిరంతరం చల్లబరుస్తారు. వేడి 47 డిగ్రీల సెల్సియస్ దాటి నిమిషంపాటు ఉంటే ఎముక కణాలు చనిపోతాయి. అప్పుడు మర అతకదు. పరికరాల శుద్ధి విషయంలోనూ రాజీ పనికిరాదు.

'మూడు రోజుల్లో పళ్లు' నిజమేనా?

ఎముక, మర ఏకం కావడానికి సాధారణంగా కింది దవడలో మూడు నెలలు, పైదవడలో అంతకంటే ఎక్కువ, ఒక్కోసారి ఆరు నెలల వరకు పడుతుంది. ఆ తరువాతే తొడుగు వేస్తారు. ఎముక గట్టిగా ఉండి, మర తొలిరోజే బలంగా పట్టుకున్నప్పుడు వెంటనే పళ్లు అమర్చే విధానాలూ ఉన్నాయి. అయితే అవి అందరికీ నప్పవు. వెంటనే పెట్టేవి చాలా సందర్భాల్లో తాత్కాలిక పళ్లే. ఆ కాలమంతా మెత్తని ఆహారమే తీసుకోవాలి. ప్రకటనలోని రోజుల లెక్క చూసి కాక, తన ఎముక అందుకు తగినదో కాదో తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

లంక గ్రామాల వారికి మరో జాగ్రత్త కూడా అవసరం. ఈ చికిత్సకు పలుమార్లు వైద్యుని వద్దకు రావలసి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరును ముంచెత్తినప్పుడు ఏలూరు-కైకలూరు రహదారిపై రాకపోకలు స్తంభించాయి. శస్త్రచికిత్స చేయించుకున్న తొలి రెండు వారాల్లో దారులు మూసుకుపోతే ఇబ్బందే. కాబట్టి వరదల కాలాన్ని, చెరువు పట్టుబడి రోజులను తప్పించి తేదీ ఖరారు చేసుకోవడం మేలు.

ఎవరి వద్దకు వెళ్లాలి?

దంత వైద్యం చేయడానికి కనీస అర్హత బీడీఎస్. ఆపైన కృత్రిమ దంతాలు, చిగుళ్లు, దవడ శస్త్రచికిత్స విభాగాల్లో ఎండీఎస్ చేసినవారు ఈ చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొంది ఉంటారు. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంఖ్య అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అర్హత లేకుండా పళ్లు కట్టేవారు పక్క పళ్లకు అతికించి పెట్టే ప్లాస్టిక్ పన్నును కొందరు ఇంప్లాంటుగా పొరబడుతుంటారు. తీసి శుభ్రం చేసుకునే వీలులేని ఆ పన్ను కింద చిగురు పాడై, మంచి పళ్లు కూడా కదిలిపోతాయి.

ఏలూరు వద్ద దుగ్గిరాలలో సెయింట్ జోసఫ్ దంత వైద్య కళాశాల, భీమవరంలో విష్ణు దంత వైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. రెండో అభిప్రాయం కోసం ఇలాంటి బోధనాసుపత్రులకు వెళ్లవచ్చు.

ఖర్చు లెక్క ముందే తేల్చుకోవాలి

ఒక్క ధర చెప్పగానే ఒప్పుకోరాదు. అందులో స్కానింగ్, మర, అనుసంధాన భాగం, తొడుగు, అవసరమైతే ఎముక పొడి, మందులు అన్నీ ఉన్నాయా అని అడగాలి. మర ధర మాత్రమే ప్రకటించి, తొడుగు దగ్గరకు వచ్చేసరికి మరో మొత్తం చెబితే సగంలో ఆపలేని పరిస్థితి ఎదురవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకమో, బీమానో వర్తిస్తుందని ఎవరైనా చెబితే, డబ్బు కట్టే ముందే పథకం సహాయ కేంద్రంలోనో, బీమా సంస్థలోనో నిర్ధారించుకోవాలి. ఇంప్లాంటు విఫలమైతే మళ్లీ ఉచితంగా వేస్తారా, ఎంతకాలం వరకు అన్నది కాగితంపై రాయించుకోవాలి.

ప్రతి ఇంప్లాంటు పెట్టెపై తయారీ సంస్థ, మందం, పొడవు, లాట్ సంఖ్య తెలిపే చీటీ ఉంటుంది. దానిని అడిగి తీసుకుని భద్రపరచుకోవాలి. పదేళ్ల తరువాత తొడుగు వదులైతే, వైద్యుడు మారినా, ఏ భాగం సరిపోతుందో ఆ చీటీయే చెబుతుంది. బిల్లులు, స్కానింగ్ ప్రతులు కూడా దాచుకోవాలి. డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నిర్లక్ష్యం జరిగిందనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఆధారం కాగితాలే.

నాటాక నిర్లక్ష్యం వద్దు

శస్త్రచికిత్స తరువాత రెండు, మూడు రోజులు వాపు, కొద్దిపాటి నొప్పి సహజం. తొలిరోజు గట్టిగా పుక్కిలించడం, వేడి పదార్థాలు తినడం కూడదు. కొన్నాళ్లు జావ, పెరుగన్నం, ఇడ్లీ వంటి వాటితో సరిపెట్టుకోవాలి. ముళ్లున్న చేపలు, చేగోడీలు, జంతికల జోలికి వెళ్లరాదు. రక్తస్రావం ఆగకపోయినా, నాలుగో రోజుకు వాపు తగ్గకపోగా పెరిగినా, పెదవి మొద్దుబారి తిమ్మిరి వదలకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఇంప్లాంటు పుచ్చిపోదు. కానీ చుట్టూ గార పేరుకుంటే చిగురు వాచి, ఎముక కరిగిపోతుంది. ఇంప్లాంటుకు నరం ఉండదు కనుక నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. నొప్పి తెలిసేసరికి మర కదులుతూ ఉంటుంది. బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపించడమే తొలి హెచ్చరిక. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. పళ్ల సందులకు ప్రత్యేకమైన చిన్న బ్రష్ వాడాలి. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవారు రాత్రివేళ రక్షణ తొడుగు పెట్టుకోవాలి.

వైద్యుని గదిలోకి వెళ్లే ముందు ఓ కాగితంపై ఈ ప్రశ్నలు రాసుకుంటే మరిచిపోరు. ఉన్న పన్నును నిలుపలేమా? నా ఎముక సరిపోతుందా? నా జబ్బులు, నా మందులు అడ్డమా? పన్ను పూర్తయ్యేందుకు ఎన్ని నెలలు, ఎన్నిసార్లు రావాలి? మొత్తం ఖర్చెంత? విఫలమైతే ఏం చేస్తారు? ఈ ఆరింటికీ ఓపికగా, అర్థమయ్యేలా సమాధానం లభించిన తరువాతే అంగీకార పత్రంపై సంతకం చేయాలి. ఇంప్లాంటు అత్యవసర చికిత్స కాదు. నిర్ణయం తీసుకునే ముందు ఓ వారం ఆలోచించుకున్నా నష్టమేమీ లేదు.